హనుమక్క అడగని మాట

సోమందేపల్లె పొలిమేరలో, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద, అద్దాల తలుపున్న చిన్న గది ఒకటి ఉంది. దాని నుదుటి మీద 'పర్యాటక సమాచార కేంద్రం' అని నీలం అక్షరాలు. ఆ చోటు ఎంచిన మహానుభావుడెవరో గాని, బెంగుళూరు నుంచి లేపాక్షి చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఆ గది కనిపించేసరికి లేపాక్షికి తిరగాల్సిన దారి ఎప్పుడో వెనకబడిపోయి ఉంటుంది. కారు ఆపి, అద్దం దించి, "లేపాక్షి ఇంకెంత దూరం?" అని అడిగేవాళ్ళకు హనుమక్క చెప్పే మొదటి సమాచారం అదే.

"దాటొచ్చినారు సామీ. బండి తిప్పుకోండి."

వాళ్ళు మొహం మాడ్చుకుంటారు. గూగుల్‌ను తిడతారు. ఒక్కొక్కరు హనుమక్కనే తిడతారు, రోడ్డు ఆమే వేసినట్టు. ఆమె ఏమీ అనుకోదు. వెనక్కి తిరిగే దారి ఎక్కడుందో, హిందూపురం మీదుగా పోతే ఎంత కలిసొస్తుందో చెప్పి, "గుడిలో చెప్పులు ఇడిచేటప్పుడు సాక్సులు ఉంచుకోండి, మధ్యానం బండలు కాల్తాయి" అని కూడా చెప్పి పంపుతుంది. ఈ సాక్సుల సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు.

నిజానికి హనుమక్క ఆ కేంద్రానికి అధికారి కాదు. కసువు ఊడ్చడానికి, అద్దాలు తుడవడానికి కాంట్రాక్టు మీద పెట్టుకున్న మనిషి. వయసు యాభై రెండు. ఆరేళ్ళ కిందట కేంద్రం తెరిచినప్పుడు జయచంద్ర అనే కుర్రాయన అధికారిగా ఉండేవాడు. మంచివాడే. పని లేనప్పుడు గోడ మీది పెద్ద మ్యాపు ముందు ఆమెను నిలబెట్టి, ఈ ఎర్ర చుక్క పెనుకొండ, ఆ పచ్చ చుక్క లేపాక్షి, పైన నీలం మరక శింగనమల చెరువు అని ఓపిగ్గా చూపించేవాడు. పదకొండు నెలలకు ఆయనకు బదిలీ అయింది. పోతూ పోతూ తాళంచెవి హనుమక్క చేతిలో పెట్టి, "వారంలో కొత్తాయన వస్తాడు, అంతవరకూ చూసుకో అక్కా" అన్నాడు. ఆ వారం ఇంకా గడవలేదు.

అందుకని ఊడ్చేదీ ఆమే, తుడిచేదీ ఆమే, కుర్చీలో కూర్చుని సమాచారం చెప్పేదీ ఆమే. చదువు ఐదో తరగతి. అయితేనేం, ఏ బస్సు ఏ వేళకు వస్తుందో, ఏ బస్సు వస్తానని చెప్పి రాదో, చెయ్యెత్తితే ఆపే డ్రైవరెవరో, ఆపకుండా దుమ్ము కొట్టి పోయేవాడెవరో ఆమెకు కంఠోపాఠం. మ్యాపు పక్కన గోడ మీద కండక్టర్ల ఫోన్ నంబర్లు పెన్సిలుతో వరసగా రాసి పెట్టుకుంది. అధికారి ఉన్న రోజుల్లో కూడా కేంద్రం అంత బాగా నడవలేదని ఎదురుగా టీ అంగడి పెట్టుకున్నవాళ్ళు అంటారు. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

ఇన్ని చెప్పే మనిషి ఒక్క మాట మాత్రం ఎవర్నీ అడగదు. ఎక్కడికి పోతున్నారు అని. సమాచార కేంద్రంలో కూర్చుని ఆ మాట అడగకపోవడమంటే, మంగలి షాపు పెట్టుకుని కత్తెర ముట్టనని ఒట్టు పెట్టుకోవడం లాంటిదే.

మన పక్క బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పోయే పని చెడుతుందంటారు. పొరపాటున ఎవరైనా అడిగేస్తే, బయల్దేరినవాళ్ళు లోపల్లోపల ఒక తిట్టు తిట్టుకుని, వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ లేస్తారు. దాంతో దోషం పోయినట్టే. చాలామందికి అదొక అలవాటు, అంతే. "దూరమా?" అనో, "ఎందాకా?" అనో మాట మార్చి అడిగేసి పని జరుపుకుంటారు. హనుమక్క అట్లా కూడా అడగదు. మాట మార్చినంత మాత్రాన అడిగినట్టు కాకుండా పోతుందా అని ఆమె వాదన.

వచ్చేవాళ్ళలో చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఊరి పేరు చెప్పేస్తారు కాబట్టి సరిపోయింది. చెప్పనివాళ్ళను చూసి ఆమె అంచనా వేస్తుంది. వీపున సంచులేసుకుని కెమెరాలు పట్టుకొచ్చే పిల్లలైతే లేపాక్షి నంది. చేతిలో బరువైన పుస్తకం, మొహాన గంభీరం ఉంటే పెనుకొండ కోట. తెల్లబట్టలు కట్టుకుని మెల్లగా మాట్లాడే పెద్దవాళ్ళయితే పుట్టపర్తి. పదికి తొమ్మిదిసార్లు ఆ అంచనా తప్పేది కాదు.

ఇబ్బందంతా రిజిస్టరుతో వచ్చింది. కేంద్రానికి వచ్చినవాళ్ళ వివరాలు రాసే పెద్ద పుస్తకం అది. తేదీ, పేరు, ఊరు, ఎంతమంది, ఎక్కడికి వెళ్తున్నారు, సంతకం, ఇలా ఆరు గడులు. ఐదో గడి ఐదేళ్ళుగా ఖాళీ. జయచంద్ర ఉన్నప్పుడు ఆయన రాసినవి తప్ప ఒక్క అక్షరం లేదు. నోరు తెరిచి లేపాక్షి అని చెప్పినవాళ్ళ గడి కూడా ఆమె నింపదు, అది ఆ ప్రశ్నకు జవాబు రాసినట్టవుతుందట. మూడు నెలలకొకసారి ఆఫీసు నుంచి శ్రీరంగప్ప వచ్చి పుస్తకం తిరగేస్తాడు. కళ్ళజోడు సర్దుకుని, ఆ గడి మీద వేలు పెడతాడు.

"ఇది ఏమిటికి ఖాళీగా ఉండాది హనుమక్కా?"

"చెప్పలేదు సార్."

"ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదా?"

"ఏమో సార్. ఎవురూ చెప్పలేదు."

శ్రీరంగప్ప తల అడ్డంగా ఊపి సంతకం పెట్టి పోతాడు. ఆమె నోట అబద్ధం వచ్చేది ఆ ఒక్క సందర్భంలోనే. ఆయన పోయాక కాసేపు ఆమెకు మనసు మనసులో ఉండదు.

ఆమె ఎందుకు అడగదో ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో నలుగురైదుగురు ఉంటారు, వాళ్ళు ఆ ఊసెత్తరు.

పన్నెండేళ్ళ కిందటి ఆషాఢం అది. శెనక్కాయ విత్తనం వేసి, వాన కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచిన ఏడు. హనుమక్క మొగుడు నాగన్న కూలిపని చేసేవాడు, చేలల్లో పని లేనప్పుడు బెంగుళూరులో ఇళ్ళు కట్టే మేస్త్రీల దగ్గరికి పోయేవాడు. ఎప్పుడు పోయినా ముందురోజే చెప్పేవాడు, ఫలానా మేస్త్రీ, ఫలానా పేట, ఇన్ని వారాలు అని. ఆ పోయినసారి మాత్రం నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు తెల్లవారి సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. పొయ్యి దగ్గరున్న హనుమక్క గబగబా లేచొచ్చి, వెనక నుంచి కేకేసింది.

"యాడికి పోతాండావ్?"

నాగన్న ఆగి వెనక్కి తిరిగాడు. మొహం ఎర్రబడింది. "పొయ్యేటప్పుడు యాడికంటారా? బుద్ధుండాదా నీకి?"

ఆమె నాలుక కరుచుకుంది. లోపలికి పరుగెత్తి, కడవలో గ్లాసు ముంచి తెచ్చింది. "తప్పయిపాయ. రా, రెండు నిమిషాలు కుచ్చో. ఈ నీళ్ళు తాగి పో."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నాగన్న ఆ గ్లాసు వంక చూశాడు, బస్సు వంక చూశాడు, బస్సుకే పోయాడు. మళ్ళీ రాలేదు.

మూడు నెలల తర్వాత హనుమక్క వెతకడం మొదలుపెట్టింది. బెంగుళూరులో పాత మేస్త్రీని కలిస్తే, "ఈసారి నా కాడికి రాలేదే. యాడికి పోతానన్నాడు?" అన్నాడు. స్టేషన్‌లో కాగితం రాసుకున్న పోలీసాయన కూడా మొదట అడిగిన మాట అదే. బంధువులు, కూలీల అడ్డాల్లో మనుషులు, బస్సు కండక్టర్లు, అందరిదీ అదే మాట. ఆమె దగ్గర జవాబు లేదు. ఇంటికి తిరిగొస్తే అత్త ఆంజినమ్మ గోడకు చేరగిలబడి, "పొయ్యేటోన్ని ఎనక నుంచి యాడికంటివి. పాయ నా కొడుకు" అంది. కోపంతో అనలేదు ఆ ముసలామె. ఏడుస్తూ అంది. కోపంతో అని ఉంటే హనుమక్క ఎదురు తిరిగి ఉండేదేమో. ఏడుస్తూ అనడంతో ఆ మాట ఆమె లోపల దిగబడిపోయింది. ఆంజినమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది, ఆ మాట మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

అప్పటినుంచి హనుమక్క ఎవర్నీ ఎక్కడికని అడగలేదు. కూరగాయలకు పోయే పక్కింటామెను కూడా అడగలేదు. అడిగితే పోయినవాళ్ళు తిరిగి రారని ఆమె నమ్మింది. అట్లాంటి మనిషికి దేవుడు సరిగ్గా సమాచార కేంద్రంలోనే ఉద్యోగం ఇచ్చాడు చూడండి, ఆయన తీరే అంత.

మొన్న కార్తీకంలో ఒక సోమవారం, పొద్దున పది గంటల వేళ, అద్దాల తలుపు తోసుకుని ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. డెబ్భై ఐదు దాటి ఉంటాయి. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. చూడగానే పెద్ద అంగడి నడిపిన శెట్టిగారి పోలిక. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా పోయి మ్యాపు ముందు నిలబడ్డాడు.

"రాండి సామీ, కుచ్చోండి."

ఆయన వినిపించుకోలేదు. వేలు మ్యాపు మీద పెట్టి, హైవే గీత వెంబడి మెల్లగా పైకి జరుపుతూ పోయాడు. పెనుకొండ దగ్గర ఆగాడు. ఇంకొంచెం పైకి జరిపి, ఏదో గుర్తు తెచ్చుకోబోయి, వేలు తీసేశాడు.

"పేరేం సామీ?" రిజిస్టరు తెరిచి హనుమక్క అడిగింది.

"శేషయ్య."

"ఊరు?"

"హిందూపురం."

రెండూ రాసుకుని, ఆయన మిగతాది తనంతట తానే చెప్తాడని ఎదురు చూసింది. ఆయన చెప్పలేదు. మ్యాపునే చూస్తున్నాడు. పది నిమిషాలు పోయాయి. హనుమక్క నాలుక చివర ఆ మాట మెదిలింది. మింగేసింది. తెల్లబట్టలు, మెల్లని మనిషి, అంచనా వేయడానికి కష్టమేమీ లేదు.

"దర్శనానికా సామీ?"

"ఊ."

"పొద్దుగూకే లోపల తిరిగి రావల్ల కదా?"

"ఊ."

"పుట్టపర్తి బస్సు ఇప్పుడొస్తాది. నేను ఎక్కిచ్చేదా?"

"ఊ" అన్నాడు శేషయ్య, చిన్నపిల్లాడిలా తల ఊపుతూ.

బస్సు వచ్చింది. కండక్టరు కుళ్ళాయప్ప హనుమక్కకు బాగా తెలిసినవాడు. "పెద్దాయన, జాగర్తప్పా, సీటు చూపీ" అని అప్పగించింది. శేషయ్య మెట్టు ఎక్కుతుంటే ఆయన కాళ్ళు చూసింది. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు. ఏ గుడి దగ్గరో మారిపోయి ఉంటాయిలే అనుకుంది. ఆయన కిటికీలోంచి వంగి, "నీళ్ళొచ్చినాయంట కదమ్మా?" అన్నాడు. ఈ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలియలేదు. "పోయి రాండి సామీ" అంది. బస్సు కదిలింది.

గంట దాటాక ఒక తెల్లకారు వచ్చి కేంద్రం ముందు బ్రేకు కీచుమనిపించి ఆగింది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి దిగి, తలుపు మూయకుండానే పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో పెద్దాయన ఫొటో.

"అక్కా, ఈయన్ని చూసినారా? మా తాత. నా పేరు ఐశ్వర్య. అనంతపురంలో పెండ్లికి పోతా ఈ ముందర హోటల్లో టిఫినుకు ఆగినాం. చెయ్యి కడుక్కుంటానని లేసినాడు, మళ్ళా కనపళ్ళేదు. ఫోను కూడా కార్లోనే పెట్టి పోయినాడు. నేను హిందూపురం దారంతా చూసొస్తి, మా నాయన ఆటోలో పెనుకొండ పక్క ఎతుకుతాండాడు."

హనుమక్క కుర్చీలోంచి లేచింది. "వచ్చినాడు పాపా. ఈడికే వచ్చినాడు. నేనే బస్సు ఎక్కిస్తి."

"బస్సా? ఏ బస్సు? ఎక్కడికి పోవాలన్నాడు?"

పన్నెండేళ్ళు ఊరూరా తనను అడిగిన మాట. ఇప్పుడు తన కుర్చీ దగ్గరికే వచ్చి నిలబడింది.

"చెప్పలేదు పాపా" అంది అలవాటుగా. అన్నాక ఆ పిల్ల మొహం చూసింది. చూశాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "కాదు. నేనే అడగలేదు. దర్శనానికా అంటే ఊ అన్నాడు. పుట్టపర్తి బస్సు ఎక్కిస్తి."

ఐశ్వర్య నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అయ్యో అక్కా! తాతకి రెండేండ్ల నుంచి మతిమరుపు. అవునా కాదా అని అడిగితే దేనికైనా ఊ అంటాడు. అన్నం తిన్యావా అంటే ఊ, తినలేదా అన్యా ఊ. కానీ ఎక్కడికి తాతా అని అడిగితే మాత్రం చక్కంగా చెప్తాడు. ఆ ఒక్క మాట అడగలేకపోయినారా?"

అడిగితే మనుషులు పోతారనుకుంది హనుమక్క ఇన్నాళ్ళూ. అడక్కపోవడం వల్ల ఒక మనిషి పోయాడు, తన చేతుల మీదుగానే. అయితే ఆమె నిలబడి ఏడ్చే రకం కాదు. గోడ దగ్గరికి పోయి, పెన్సిలు అంకెల్లో కుళ్ళాయప్పది వెతికి ఫోను కలిపింది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, యాడుండావు?"

"పుట్టపర్తిలో దించేసినా అక్కా. టీ తాగుతాండా. ఏమి?"

"తెల్లపంచె పెద్దాయన్ని నీకి అప్పజెప్తి కదా. యాడ దిగినాడు?"

"ఆయప్ప పుట్టపర్తి దాకా రాలేదక్కా. బుక్కపట్నం చెరువు కట్ట కాడ లేసి నిలబడి, ఆపు ఆపు అని ఒకటే మాట. ఇంగా ఊరు రాలేదు సామీ అంటే ఇనలేదు. సరే, తెలిసినోళ్ళెవురన్నా ఉంటారేమోనని దింపేసినా. ఏమి, తప్పిపోయినాడా ఏంది?"

హనుమక్క ఫోను పెట్టేసి, టేబుల్ మీది నీళ్ళ బాటిలు చేతిలోకి తీసుకుంది. పట్టపగలు కేంద్రానికి తాళం వేసింది. ఆరేళ్ళలో అదే మొదటిసారి. "పద పాపా, నాకి దారి తెల్సు" అని కారెక్కింది.

ఐశ్వర్య తండ్రికి ఫోను చేసి సంగతి చెప్పి, ఆగితే ఆలస్యమవుతుందని ఆయన్ని పెనుకొండలోనే ఉండమంది. ఆ తర్వాత రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండానే, "ఏమిటికి అడగలేదక్కా?" అంది. కోపంగానే అడిగింది. అడిగే హక్కు ఆమెకుంది.

హనుమక్క చెప్పింది. ఆషాఢం, సంచి, గడప, గ్లాసు, బస్సు, అత్త అన్న మాట, అన్నీ చెప్పింది. చెప్పాలని మొదలుపెట్టలేదు, మొదలుపెట్టాక ఆగలేదు. ఐశ్వర్య కోపం మధ్యలో ఎక్కడో జారిపోయింది. చివరికి ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"ఆయన జవాబు చెప్పింటే మీరు ఎతికి పట్టుకుందురు కదా అక్కా?"

హనుమక్క మొహం అటు తిప్పుకుంది. కిటికీ బయట బోడి గుట్టలు, పూతకొచ్చిన కందిచేలు వెనక్కి పోతున్నాయి. ఇందాక కుళ్ళాయప్ప 'చెరువు కట్ట కాడ' అన్నప్పుడు తనకు ఊపిరి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. చోటు తెలిస్తే చాలు, పోయి వెతకొచ్చు. నాగన్న ఆ పొద్దు బెంగుళూరో బళ్ళారో ఒక్క ముక్క అని ఉంటే, తను నడిచైనా పోయి ఉండేది. తను అడిగింది. ఆయన చెప్పలేదు. ఇంత చిన్న సంగతి పన్నెండేళ్ళుగా తన బుర్రకు ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. తప్పు తనదేనని అందరికంటే ముందు తనే ఒప్పుకుంది కాబట్టి, ఇంకొకవైపు చూడనే లేదు.

బుక్కపట్నం చెరువు ఆ ఏడు వానలకు నిండి ఉంది. కట్ట మీద కారు ఆపి ఇద్దరూ దిగారు. ఎండ బాగా ఎక్కింది. అటు ఇటు చూస్తే మనిషి జాడ లేదు. ఐశ్వర్య "తాతా" అని కేకలు పెట్టింది. హనుమక్క కట్ట వెంబడి వేగంగా నడుస్తూ పోయింది. నీళ్ళ అంచుదాకా వంగి చూస్తూ పోయింది. ఆ చూపులో ఉన్న భయం ఏమిటో పైకి అనలేదు.

తూము దగ్గర రాతి మీద శేషయ్య కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తున్నాడు. మొహం ఎండకు కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. ఐశ్వర్య పరుగెత్తబోతే హనుమక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండు పాపా. నేను చేసిన పని, నేనే సరిజేస్తా."

వాళ్ళ అలికిడికి శేషయ్య తల తిప్పి చూశాడు. బస్సు వచ్చిందనుకున్నాడో ఏమో, సంచి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. బయల్దేరిన మనిషిలా రెండడుగులు ముందుకు వేశాడు.

హనుమక్క ఎదురుగా పోయి నిలబడింది. ఆ మాట నోట్లోంచి బయటికి రావడానికి పన్నెండేళ్ళ బరువు మోసుకుని రావలసి వచ్చింది.

"సామీ... యాడికి పోతాండారు?"

శేషయ్య ఆగిపోయాడు. కళ్ళల్లో మబ్బు విడిపోయినట్టయింది.

"శింగనమలకమ్మా" అన్నాడు, ఒక్క అక్షరం తడబడకుండా. "చిన్నప్పుడు నేను ఆడ రంగయ్య శెట్టి అంగట్లో గుమాస్తాగా ఉంటి. సాయంత్రమైతే చెరువు కట్ట మీదికి పోతాంటి. ఇరవై ఏండ్లనాడు చూస్తి, సుక్క నీళ్ళు లేవు. ఇప్పుడు నీళ్ళొచ్చినాయంట. చూసి రావల్ల. ఇది అదేనేమోనని దిగినా. కాదు, ఇది వేరే చెరువు. నీళ్ళు బాగనే ఉండాయిలే."

ఐశ్వర్య చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నెల రోజులుగా ఇంట్లో ఆయన శింగనమల, శింగనమల అంటూనే ఉన్నాడు. పోదాంలే తాతా అని అందరూ అంటూనే ఉన్నారు.

శేషయ్య ఇంకో అడుగు వేయబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. మతిమరుపు మనిషే. నిన్న తిన్న కూర గుర్తుండదు, మనవరాలి పేరు ఒక్కోసారి గుర్తుండదు. కానీ చిన్నప్పటినుంచి ఒంటికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, అదే రాతి మీద మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

"యాడికని అడిగితివి కదమ్మా. కుచ్చొని లేస్తా. నీళ్ళియ్యి."

హనుమక్క బాటిలు మూత తీసి ఇచ్చింది. ఆయన తల పైకెత్తి, ఎత్తిపోసుకుని తాగాడు. గుక్క వెంట గుక్క, సగం బాటిలు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఆ నీళ్ళు ఆయన గొంతులో దిగుతుంటే హనుమక్క చూస్తూ నిలబడి ఏడ్చింది. వెక్కి వెక్కి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని గడపలో ఆగిపోయిన మనిషికి ఇన్నేళ్ళకు ఆ చెయ్యి ఖాళీ అయింది. శేషయ్య పంచె చెంగుతో మూతి తుడుచుకుని, "ఏమ్మా, ఏమిటికి ఏడుస్తాండావ్? దోషం పాయలే" అన్నాడు.

పెండ్లి సంగతి తర్వాత చూసుకుందాం, ముందు తాతను శింగనమల తీసుకుపోదామని ఐశ్వర్య తండ్రితో ఫోనులో గట్టిగానే చెప్పింది. హనుమక్కను కేంద్రం దగ్గర దించి, పెనుకొండలో తండ్రిని ఎక్కించుకుని పోతామంది. సోమందేపల్లెకు వచ్చేసరికి మూడు గంటలయింది. హనుమక్క దిగేటప్పుడు శేషయ్య కిటికీ అద్దం దించి, "నువ్వూ రారాదా?" అన్నాడు. "ఈడ మనిషి ఉండల్ల కదా సామీ" అని ఆమె నవ్వింది. కారు కనుమరుగయ్యేవరకూ చూసి తాళం తీసింది.

లోపలికి పోయి రిజిస్టరు ముందేసుకుంది. పొద్దున రాసిన వరసలో శేషయ్య పేరు, హిందూపురం, అక్కడితో ఆగి ఉంది. ఐదో గడిలో పెన్ను ఒత్తిపెట్టి 'శింగనమల' అని రాసింది. ఆరేళ్ళలో ఆ వరస గడుల్లో ఆమె చేత్తో నింపిన మొదటిది అది. అక్షరాలు కొంచెం పెద్దవై గీత దాటాయి. శ్రీరంగప్ప చూస్తే మురిసిపోతాడు.

పుస్తకం మూయబోయి మూయలేదు. తర్వాత కింది వరసలోకి వచ్చింది. తేదీ గడిలో పన్నెండేళ్ళ కిందటి ఆషాఢం అని రాసింది. పేరు, నాగన్న. ఊరు, సోమందేపల్లె. ఎంతమంది, ఒకడు. ఐదో గడి దగ్గర పెన్ను ఆగింది. మూడు నెలలకొకసారి శ్రీరంగప్పకు చెప్పే మాటే గుర్తొచ్చింది. ఈసారి అది అబద్ధం కాదు.

'అడిగినాను. చెప్పలేదు' అని రాసింది.

బయట ఏదో కారు ఆగిన చప్పుడైంది. హనుమక్క కళ్ళు తుడుచుకుని, బాటిలు నిండా నీళ్ళు పట్టుకుని, అడగడానికి బయటికి పోయింది.